రెండు దేశాల ఒకటో లేన్

ఆ కామెంట్‌ను నేను షేర్ ఆటోలో కూర్చుని క్లోజ్ చేశాను. వరంగల్ స్టేషన్ దగ్గర ఎక్కాను, హనుమకొండ చౌరస్తాలో దిగాలి. వెనక సీట్లో ముగ్గురు పట్టే చోట నలుగురం. ఎవరిదో మోచెయ్యి నా పక్కటెముకల్లో, బ్యాగు ఒళ్లో, ఫోను మామూలుగానే చేతిలో. ఆఫీసు కామెంట్ల షీట్ తెరిస్తే కొత్తది ఒకటి కనబడింది. అటు దేశం ఇంజినీరు రాశాడు: 'లేన్ నంబర్లు మీరు ఏ వైపు నుంచి లెక్కపెట్టారో దయచేసి చెప్పగలరా?'

ఆ వారంలో అతని ప్రశ్నలు చూసీ చూసీ నాకు అప్పటికే ఒళ్లు మండిపోతోంది. 'అంతా డ్రాయింగ్‌లోనే ఉంది, చూసుకోండి' అని కొట్టి, పక్కనున్న చిన్న టిక్ నొక్కాను. కామెంట్ మాయమైంది. డ్రాయింగ్ తెరవలేదు. ఫోన్లో అది తెరుచుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది, నాకు అంత ఓపిక ఎక్కడిది. ఆటో ములుగు రోడ్డు దగ్గర తిరిగేసరికి రీల్స్ చూస్తున్నాను.

తర్వాత రెండు వారాలు దాని సంగతే గుర్తు రాలేదు.

నేను చేసేది డ్రాఫ్టింగ్ పని. హసన్‌పర్తి దగ్గర కాలేజీలో సివిల్ చదివాను. మా ఆఫీసు హనుమకొండలో ఒక మెడికల్ షాపు పైన రెండో అంతస్తు. ఆరు కంప్యూటర్లు, ఒక ఏసీ, ఒక సార్. బంగ్లాదేశ్ సరిహద్దులో కొత్తగా కట్టబోయే ఒక చెక్‌పోస్టుకు ఢిల్లీలో పెద్ద ఆఫీసు ఒకటి ప్లాన్ చేస్తోంది. వాళ్లు అనుకున్నదాన్ని గీసిపెట్టడం మా పని. వరంగల్‌లో కూర్చుని దేశం చివరి గజం దాకా గీస్తున్నానని మొదట్లో చాలా గొప్పగా ఉండేది.

సరిహద్దు గీత దగ్గర ఎవరి ఇష్టం వాళ్లది కాదు. గీతకు దగ్గర్లో ఇటువాళ్లు గోడ కట్టాలన్నా, అటువాళ్లు గేటు పెట్టాలన్నా రెండో దేశం సరే అనాలి. అందుకని రెండు వైపుల ఇంజినీర్లు కలిసి ప్లాన్ చేస్తారు. కలిసి అంటే ఒక టేబుల్ దగ్గర కూర్చుని కాదు. మేం గీత దాకా గీస్తాం, వాళ్లూ గీత దాకా గీస్తారు. అవతలి నేల మా షీటులో ఉత్త బూడిద రంగు. మా ఆఫీసు అలవాటు ఏమిటంటే గీతను షీటుకు పైన పెట్టుకోవడం. కింద నుంచి రోడ్డు వస్తుంది, పైన దేశం అయిపోతుంది. చూసేవాళ్లకు సులువు.

గీత దగ్గర నాలుగు లేన్లు. ఒకటోది సరుకు లారీలకు, రెండోది ఖాళీగా తిరిగొచ్చే లారీలకు, మూడోది బస్సులకు, నాలుగోది నడిచి వెళ్లే మనుషులకు. ఈ నాలుగింటినీ ఒక పట్టికగా రాసి రెండు ఆఫీసులూ సంతకాలు పెట్టాయి. మా ఒకటి సరుకు, వాళ్ల ఒకటి సరుకు. మా నాలుగు మనుషులు, వాళ్ల నాలుగు మనుషులు. పట్టికలో అంతా సరిగ్గా సరిపోయింది.

మా బాపు లారీ డ్రైవర్. మిర్చి కాలంలో యార్డులో లోడ్ ఎత్తుకుని ఆ బార్డర్‌కే పోతాడు. చిన్నప్పుడు నాకు బార్డర్ అంటే బాపు ఇంట్లో లేకపోవడం. గీతకు ఇవతల రోడ్డు పక్కన వారం రోజులు వరుసలో ఆగడం, లారీ నీడన స్టవ్ పెట్టి అన్నం వండుకోవడం, వర్షం వస్తే బస్తాల మీద టార్పాలిన్ సర్దడానికి పైకెక్కడం, ఇవన్నీ ఫోన్లో విన్నవే. ఒక సంగతి మాత్రం ఫోన్లో చెప్పలేదు, ఇంటికొచ్చాక చెప్పాడు. పాత గేటు దగ్గర లారీలకూ మనుషులకూ ఒకటే దారి. గుంపు మధ్యలో మెల్లగా పోతుంటే ఒక ముసలామె మూట ఈయన బంపర్‌కు తగిలింది. మూటే తగిలింది, ఆమెకు ఏమీ కాలేదు. ఆమె మూట దులుపుకుని పోయింది. ఈయన మాత్రం ఇంటికొచ్చాక కూడా రెండు రోజులు సరిగ్గా తినలేదు. అన్నం ముందు కూర్చుని కుడికాలు కదిలించేవాడు, బ్రేకు తొక్కుతున్నట్టు.

రెండు దేశాల ఇంజినీర్ల జాయింట్ మీటింగ్ రోజు పొద్దున బాపు ఇంట్లోనే ఉన్నాడు. మర్నాడు కొత్త లోడ్. నేను చాయ్ గ్లాసు పక్కన పెట్టుకుని ఫోన్లో షీట్లు చూస్తున్నాను.

"ఏందే బిడ్డా, పొద్దుగాల్నే ఫోన్ల తలకాయ పెట్టినవ్?" అన్నాడు.

"అన్నం గూడ దాంట్లనే పెడితే మంచిగ తింటది," అని అమ్మ వంటింట్లోంచి.

"మీటింగ్ ఉన్నదే అమ్మా. బాపూ, నీ బార్డర్ ఇయ్యాల ఫైనల్ అయితాంది."

"నా బార్డర్ అంటాంది సూడు. నా పేరు మీద పట్టా అయినట్టు." బాపు నవ్వి చెయ్యి చాపాడు. "ఏదీ, జర సూపియ్. ఇన్నేండ్ల సంది ఆ తొవ్వల తిరుగుతాన, నా బిడ్డ ఏం గీసిందో సూడొద్దా?"

ఇచ్చాను. ఆఫీసు డ్రాయింగ్ బయట చూపించకూడదని తెలుసు. బాపు బయటివాడని నాకు అనిపించలేదు. రెండు వేళ్లతో పెద్దది చేసుకుంటూ మా గేటు చూశాడు, తూకం వేసే చోటు చూశాడు, లారీలు ఆగే మైదానం చూశాడు. ఒకటో లేన్ మీద గోరు పెట్టి పైకి జరుపుతూ పోయాడు. గీత దగ్గర ఆగాడు.

"గీతవతల ఏమున్నది?"

"అవతల వాళ్లది. అది వేరే షీటు."

"నేను గీత కాడ ఆగుతనా బిడ్డా? అవుతలికి పోయే గద లోడు దించేది. అది గూడ సూపియ్."

వాళ్ల షీటును బాపు ఫోన్‌కు పంపాను. తెరిచి, రెండు ఫోన్లనూ పక్కపక్కన పెట్టి చూశాడు. నేనూ అప్పటిదాకా అలాగే చూశాను, సార్ అలాగే చూశాడు, ఢిల్లీ వాళ్లూ అలాగే చూసి ఉంటారు. కవల పిల్లల్లా ఉన్నాయి. రెండింటిలో పైన గీత, రెండింటిలో ఎడమ నుంచి ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"గిట్ల కాదు," అన్నాడు బాపు.

నా ఫోన్‌ను చాప మీద పెట్టాడు. తన ఫోన్‌ను తిప్పి, తలకిందులుగా, నా ఫోన్‌కు ఎదురుగా జరిపాడు. రెండు ఫోన్ల పైఅంచులు తగిలాయి. గీతకు గీత ఆనింది.

"లోడు మార్చేటప్పుడు గిట్లనే పెడతం. మన లారీ ఎన్క తలుపు, వాళ్ల లారీ ఎన్క తలుపు ఒకదానికొకటి ఆనాలె. పక్కపక్కకు పెడితే బస్తా ఎట్ల పోతది?"

మళ్లీ ఒకటో లేన్ మీద గోరు పెట్టాడు. నా ఫోన్ మీద నుంచి పైకి తీసుకెళ్లి, అంచు దాటించి, తన ఫోన్ మీదికి తెచ్చాడు. గోరు ఆగింది.

"గీడ ఏందో బొమ్మ ఉన్నది. మనిషి బొమ్మ లెక్కున్నది."

వంగి చూశాను. తలకిందులుగా ఉన్న నాలుగు అంకె, దాని పక్కన నడిచే మనిషి గుర్తు.

"నువ్వు ఉల్టా పెట్టినవ్ బాపూ," అని అతని ఫోన్‌ను లాక్కుని తిప్పాను. ఒకట్లు ఒకవైపుకు వచ్చాయి. కానీ వాళ్ల గీత అవతలి కొసకు పోయింది.

"అట్ల పెడితే వాళ్లు గీతకు ఈపు పెట్టి కూసున్నట్టు," అన్నాడు బాపు మెల్లగా.

అప్పుడు అర్థమైంది. మేం గీత వైపు మొహం పెట్టి ఎడమ నుంచి లెక్కపెట్టాం. వాళ్లూ గీత వైపు మొహం పెట్టి వాళ్ల ఎడమ నుంచి లెక్కపెట్టారు. ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరికి ఎడమ ఒకటి ఎలా అవుతుంది? మా సరుకు లారీలు గీత దాటితే వాళ్ల మనుషుల దారిలోకి పోతాయి. వాళ్ల లారీలు మా మనుషుల మీదికి వస్తాయి.

బాపు కుడికాలు చాప మీద ఒకసారి కదిలింది. అతను గమనించలేదు.

"మరి ఇయ్యాల ఫైనల్ అంటివి?"

"పదకొండున్నరకు."

"చెప్పు మరి పోయి. ఇంక టైమున్నది గద."

చెప్పడమే అయితే నాకు అంత భయం లేదు. కామెంట్ల షీటులో క్లోజ్ చేసినవి చూపించమని నొక్కాను. ఆ ప్రశ్న అక్కడే ఉంది, దాని కింద నా జవాబు, పక్కన నా పేరు, తేదీ, టైము. చెరిపేద్దామని వేలు పెట్టాను. చెరిపినా ఎవరు చెరిపారో రాసిపెడుతుంది ఆ షీటు. గ్లాసులో చాయ్ అలాగే వదిలేసి లేచాను.

ఆటోలో ఆ రోజు ఫోన్ ముట్టుకోలేదు. ముట్టుకోలేదంటే అబద్ధం, చౌరస్తా వచ్చేలోపు నాలుగుసార్లు తీసి టైము చూసి లోపల పెట్టాను. ఆటో ఎక్కకముందే సార్‌కు మూడుసార్లు ఫోన్ చేస్తే బిజీ అని వచ్చింది. మీటింగులో ఎవరూ పట్టుకోకపోతే డ్రాయింగ్ ఫ్రీజ్ అయిపోతుంది, రేపటి నుంచి ఆ పట్టిక ఎవరూ మార్చరు. దాని మీద రోడ్డు కొలతలు, దాని మీద పునాదులు. ఎప్పుడో ఒకరోజు బాపు కొత్త గేటు కింద ఒకటో లేన్‌లో లారీ తోలుకుంటూ గీత దాటుతాడు. ఎదురుగా మూటలు మోసుకుంటూ జనం. నాకు ఆ ముసలామె మూట కళ్లముందు ఆడింది, నేను ఎన్నడూ చూడని మూట.

సార్ క్యాబిన్‌లో ఇడ్లీ తింటున్నాడు. ల్యాప్‌టాప్‌లో వాళ్ల షీటు తిప్పి పెట్టి చూపించాను. ఇడ్లీ ముక్క చేతిలో ఉండగానే తల అటూ ఇటూ వంచి చూశాడు.

"ఎవరు కనిపెట్టిండ్రు?"

"మా బాపు."

"మీ బాపు ఏం జేస్తడు?"

"లారీ డ్రైవర్ సార్. ఆ బార్డర్‌కే పోతడు."

"లారీ డ్రైవర్ చెప్పిండని రెండు దేశాల డ్రాయింగ్ మారుస్తమా అమ్మా?"

"లారీలు పోయే తొవ్వ సార్ అది. డ్రైవర్ గాక ఎవరు చెప్తరు, మెడికల్ షాపాయన చెప్తడా?"

నా గొంతు పెరిగింది. బయట హాల్లో కీబోర్డుల చప్పుడు ఆగింది. సార్ చెయ్యి కడుక్కుని వచ్చి తలుపు మూశాడు.

"జర మెల్లగ మాట్లాడు. తప్పని నాకు సమజ్ గాలేదా? కానీ ఇయ్యాల నోరు తెరిస్తే ఏమైతదో తెల్సా? ఢిల్లోళ్లు మళ్ల మనకు పని ఇయ్యరు. ఫ్రీజ్ కానియ్యి. సైట్ల ఇంజినీర్లు ఉంటరు, వాళ్లే సూసుకుంటరు."

"కాంక్రీట్ పోసినంక ఎట్ల సూసుకుంటరు సార్? రోడ్డును ఎత్తి అటు పెడతరా?"

"అరె, నువ్వు స్క్రీన్ షేర్ చెయ్యి, షీట్లు తిప్పు. అంతే నీ పని. తప్పు ఎవరిదని అడిగితే నువ్వు చెప్తవా మరి?"

సార్‌కు ఆ కామెంట్ సంగతి తెలియదు. మామూలుగా అన్నాడు. నేను మాత్రం తలుపు తీసుకుని నా కుర్చీలోకి వచ్చి పడ్డాను. అంతసేపు సార్ మీద అరిచింది న్యాయం కోసమేనా, లేక నా భయం కనబడకుండానా అంటే ఇప్పటికీ చెప్పలేను.

పదకొండున్నరకు మీటింగ్ మొదలైంది. హిందీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడుకుంటున్నారు. ఢిల్లీ నుంచి ఒక మేడం నడిపిస్తోంది. అటువైపు నలుగురు. వాళ్లలో ప్రశ్నలు పంపే ఇంజినీరు ఎవరో మొహం కింద పేరు చూసి పట్టుకున్నాను. నా వయసువాడేమో అనుకునేదాన్ని. జుట్టు నెరిసిన మనిషి, కళ్లజోడు, స్వెటర్. మాట మధ్యలో దగ్గుతున్నాడు. సార్ నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను షీట్లు తిప్పుతున్నాను. డ్రైనేజీ అయిపోయింది. లైట్లు అయిపోయాయి. ఒక్కో షీటుకు రెండు వైపులా సరే అంటున్నారు.

లేన్ల షీటు వచ్చింది. మేడం రెండు డ్రాయింగులూ పక్కపక్కన పెట్టమంది. పెట్టాను. కవల పిల్లలు.

"బాగుంది. దీన్ని ఫ్రీజ్ చేద్దామా? ఎవరికైనా అభ్యంతరమా?"

అటునుంచి ఆ పెద్దమనిషి మైక్ ఆన్ అయింది. ఒక దగ్గు వినబడింది. మళ్లీ ఆఫ్ అయింది.

నేను వాళ్ల డ్రాయింగ్‌ను పట్టుకుని నూట ఎనభై డిగ్రీలు తిప్పాను. జరిపి మా గీతకు వాళ్ల గీతను ఆనించాను. సార్ బూటు నా చెప్పు మీద పడింది. స్క్రీన్ మీద నా బాణం మా ఒకటో లేన్ మీద నుంచి మెల్లగా పైకి పోయి, గీత దాటి, మనిషి బొమ్మ మీద ఆగింది. బాపు గోరు ఆగినట్టే.

నేను మైక్ ఆన్ చేసి, రెండు వైపులా నంబర్లు ఎలా లెక్కపెట్టామో చెప్పాను. నా ఇంగ్లీషు అప్పుడు ఎలా ఉందో నాకు గుర్తులేదు.

మేడం చూసి, "ఇన్ని రోజుల్లో ఈ ప్రశ్న ఒక్కరూ అడగలేదా?" అంది.

ఆ పెద్దమనిషి అప్పుడు చెప్పొచ్చు. నేను అడిగాను, వాళ్లు ఇలా జవాబిచ్చారు అని స్క్రీన్ మీద పెట్టొచ్చు. నేను అతని మొహమే చూస్తున్నాను. అతను కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఎక్కడో జారిపోయి ఉంటుంది, మేడం" అన్నాడు.

అలా వదిలేస్తే అయిపోయేది. నోరు ఊరుకుంటే కదా.

"అడిగారు మేడం. నేనే చూడకుండా క్లోజ్ చేశాను."

సార్ నా చెప్పు మీద నుంచి బూటు తీసేశాడు. కుర్చీ కొంచెం దూరం జరిపాడు కూడా.

అటువైపు ఆయన దగ్గి, నెమ్మదిగా అన్నాడు: "నేను మళ్లీ అడగాల్సింది. ఆ జవాబు చూశాక ఇంకోసారి అడిగితే బాగుండదేమో అనిపించింది. మీ వైపు వాళ్లకు కోపం వస్తే పని ఆగుతుందని."

నన్ను తిట్టినా అంత మండేది కాదు. నా ఒక్కదాని కోపాన్ని ఆయన ఒక దేశం కోపం అనుకుని రెండు వారాలు నోరు మూసుకున్నాడు.

ఫ్రీజ్ ఆగిపోయింది. ఇక నుంచి రెండు వైపులూ ఒకటే షీటులో ఉండాలని, గీత నడిమధ్యలో ఉండాలని తేల్చారు. నంబర్లు తీసేసి అక్షరాలు పెట్టమన్నారు, అవి కూడా లేన్ల పక్కనే గీత దాటి పారే కాలువ వైపు నుంచి మొదలుపెట్టమన్నారు. కాలువ ఇద్దరికీ ఒకటే కదా. ఆ షీటు ఎవరు గీస్తారనేది తర్వాత చెబుతామంది మేడం. కాల్ అయిపోయాక సార్ నాతో ఒకే మాట అన్నాడు.

"పోయి తిను."

టిఫిన్ బాక్స్ తెరిచాను గానీ తినలేదు.

వారం అయింది. ఢిల్లీ నుంచి మెయిల్ రాలేదు. సార్ నాతో కాలనీ లేఅవుట్లు చేయిస్తున్నాడు, అవసరమైతేనే మాట్లాడుతున్నాడు. హాల్లో ఎవరి ఫోన్ మోగినా అందరూ సార్ క్యాబిన్ వైపు చూస్తున్నారు. పని పోతే నా ఒక్కదానిదే పోదు కదా. అప్పటిదాకా నేను నొక్కిన టిక్కులన్నీ చూద్దామని ఒక మధ్యాహ్నం క్లోజ్ చేసిన కామెంట్లు మొదటి నుంచీ తెరిచాను. రెండు పేజీల నిండా నా జవాబులే. చూశాం. ఓకే. డ్రాయింగ్‌లో ఉంది. చూశాం. ఆటోలో కొట్టినవెన్నో, అన్నం తింటూ కొట్టినవెన్నో.

మధ్యలో ఒకటి: 'వరుసలో ఆగిన లారీల మధ్య ఖాళీ చాలా తక్కువగా కనబడుతోంది. డ్రైవర్ తలుపు తెరిచి దిగడానికి చోటుందా?' ఆ పెద్దమనిషిదే. కింద నా జవాబు: 'చూశాం.'

బాపుకు ఫోన్ చేశాను. అప్పటికి బార్డర్ దగ్గర వరుసలో చేరి రెండో రోజు.

"బాపూ, లారీ తలుపు తెరిచి దిగాలంటే పక్కకు ఎంత జాగ కావాలె?"

"ఏందే, కడుపుల సల్ల కదలకుంట ఏసీల కూసోని గిదా అడుగుడు? తిన్నవా?"

"తిన్న. చెప్పు జర. రాసేది ఉన్నది."

"ఉండు మరి, కొలిచి చెప్త. అందాజగ చెప్తే మళ్ల ఎవడన్న మాటంటడు నా బిడ్డను."

తలుపు తెరుచుకున్న చప్పుడు వినబడింది. ఫోన్ సీటు మీద పెట్టినట్టున్నాడు. దూరంగా ఎవరిదో పాట, ఇంజిన్లు, బెంగాలీలో అరుపులు. ఒక హారన్ చాలా దగ్గర్లో మోగింది. "ఏయ్, రుకో, రుకో" అని బాపు గొంతు. తర్వాత ఏమీ లేదు.

"బాపూ?"

ఇంజిన్ల చప్పుడే. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. సార్ క్యాబిన్ అద్దంలోంచి నన్ను చూశాడు. బాపూ అని ఇంకోసారి అన్నాను, ఈసారి హాలంతా వినబడేలా.

"ఆఁ, ఉన్న బిడ్డా," అని ఆయాసంతో వచ్చాడు. "ముంగటోడు లారీ ఎన్కకు తీసిండు, సూస్కోలే. నేను రెండింటి నడుమ ఉంటి. ఏం గాలే, ఫికర్ జెయ్యకు."

నేను పెన్ను అందుకున్నాను.

"కొలిసిన. సగం తెరిచి పక్కకు వంగి దిగితే రెండు జానలు. సక్కగ దిగాలంటే నాలుగు. ఎన్కకొచ్చే లారీ కాడికెల్లి తప్పుకోవాల్నంటే ఐదు పెట్టు. రాస్కున్నవా?"

"రాస్తాన."

"ఐదు పెట్టు," అన్నాడు మళ్లీ.

నిలబడే ఆ కామెంట్ మళ్లీ తెరిచాను. చూశాం అన్న నా జవాబు కింద, బాపు జానను మీటర్లలోకి మార్చి, తలుపు తెరవడానికి ఎంత, తప్పుకోవడానికి ఎంత విడివిడిగా రాశాను. మా డ్రాయింగ్‌లో అంత చోటు లేదని కూడా రాశాను. పంపి, ఫోన్ టేబుల్ మీద పెట్టి, ఆ పెద్దమనిషి జవాబుతో అది వెలుగుతుందేమోనని చూస్తూ కూర్చున్నాను. సార్ క్యాబిన్ తలుపు తీసుకుని నా వైపు వస్తున్నాడు.